అయిదు వందల వంతు

ఆ రోజు నేను ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళాను. మోడళ్ళు అప్పగించి, నాలుగు మంచి మాటలు విని, టీ తాగి వచ్చేయొచ్చనుకున్నాను.

మా ఆఫీసులో ఆర్కిటెక్టులు పై అంతస్తులో కూర్చుంటారు. వాళ్ళు గీసిన ఇళ్ళకు అట్టతో, చెక్కతో, ప్లాస్టర్‌తో చిన్న నమూనాలు చేసేవాణ్ణి నేను. నా గది మెట్ల కింద ఉంటుంది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాణ్ణి నేనే. మా నాన్న తాపీమేస్త్రి. "నేను నిజం ఇళ్ళు కట్టి నిన్ను చదివిస్తే, నువ్వు చదువుకుని బొమ్మరిళ్ళు కడుతున్నావు" అని వచ్చిన చుట్టాలందరి ముందూ అనేవాడు.

ఈసారి వచ్చింది గొప్ప పని. చూపులేని పిల్లల బడి లైబ్రరీకి పది నాగరికతల కట్టడాలు పది, చేత్తో తడిమి తెలుసుకునేలా చెయ్యాలి. ఈజిప్టు పిరమిడ్, మెసొపొటేమియా ఇటుక గుడి, గ్రీకుల స్తంభాల గుడి, రోము గుమ్మటం, మాయా వాళ్ళ మెట్ల గుడి, జపాన్ చెక్క గోపురం, యూరప్ రంగుటద్దాల చర్చి... మూడు నెలలు కూర్చుని చేశాను.

పిల్లలు బల్ల చుట్టూ చేరి తడిమారు. వాళ్ళ హిస్టరీ మేడమ్ పది నిమిషాలు ఊరుకుని అడిగింది.

"ఇప్పుడు చెప్పండి. పదింటిలో ఏది పెద్దది?"

"చెక్క గోపురం మేడమ్!" క్లాసంతా ఒకటే గొంతు.

"మరి పిరమిడ్?"

"అది మా హాస్టల్ నీళ్ళ జగ్గంత ఉంది మేడమ్."

ఆమె తల మొత్తం తిప్పి నా వైపు చూసింది. పాతికేళ్ళు దాటి రెండో మూడో ఉంటాయి. కోపంతో ముక్కు ఎర్రబడింది.

"పిల్లలకు అబద్ధాలు నేర్పడానికి ఇంత నగిషీ ఎందుకండీ?"

"అబద్ధమేంటి మేడమ్? స్తంభాలు లెక్కపెట్టుకోండి. ఒక్కటి తగ్గితే ఈ ఉద్యోగం మానేస్తాను."

"స్తంభాలు సరే. సైజు?"

"అన్నీ జానెడు పెట్టెలో పట్టేలా చేశాను. షెల్ఫులో వరసగా అందంగా ఉంటాయని..."

"ఎవరికి అందంగా?"

నేను ఇస్త్రీ చొక్కా కాలరు సవరించుకున్నాను.

"కళ్ళున్న పిల్లాడు పుస్తకంలో పిరమిడ్ పక్కన ఒంటెను చూసి, అమ్మో ఎంత పెద్దదో అనుకుంటాడు. వీళ్ళకు మీరు చేతిలో పెట్టిందే ప్రపంచం. తీసుకెళ్ళండి."

ఇస్త్రీ చొక్కాతో పది పెట్టెలు మోసుకుని వెనక్కొచ్చాను. సంగతి విని నాన్న గంటసేపు నవ్వాడు. "కొలత తెలియకుండానే పట్టా ఇచ్చార్రా నీకు?"

రోషమొచ్చింది. మర్నాడే అన్నింటికీ ఒకటే కొలత పెట్టుకున్నాను. అసలు కట్టడంలో అయిదు వందల వంతు. పిరమిడ్ అడుగుభాగమే మూరెడు వచ్చింది. బల్ల మీద గుట్టలా కూర్చుంది. దాని పక్కన గ్రీకుల గుడి కళ్ళజోడు పెట్టంత. రోము గుమ్మటం కొబ్బరి చిప్పంత. నేను అంత ఎత్తున నిలబెట్టిన జపాన్ గోపురం బొటనవేలంత అయిపోయింది. మనిషి ఎంత ఉంటాడని లెక్క కడితే సగం బియ్యపు గింజ. అమ్మ చేటలోంచి నూకలు ఏరి, ఒక్కో గుమ్మం ముందూ ఒక నూకను నిలబెట్టి అతికించాను.

బుధవారం బుధవారం ఒక్కో మోడల్ పట్టుకుని బడికి వెళ్ళేవాణ్ణి. పిల్లలు నాకు అట్టల సార్ అని పేరు పెట్టారు. మేడమ్‌ది కూడా అదే పిలుపు.

"అట్టల సార్, ఈ పిరమిడ్ లోపల ఎంత ఖాళీ ఉంటుంది?"

"లోపలా? అసలు గది మన కొలతలో ఖర్జూరం గింజంత."

"ఇంత గుట్టలో ఖర్జూరం గింజంత! అదీ శవానికి. బతికున్న నూక ఎక్కడుండాలి?"

"బయట. ఎండలో. రాయి లాగుతూ."

"గ్రీకుల దగ్గర?"

"అక్కడా జనం బయటే. లోపల దేవుడు."

"రోములో?"

"అక్కడ లోపలికి రానిస్తారు. పైన గుమ్మటం నడిమధ్య పెద్ద కంత ఉంటుంది. వానొస్తే నేరుగా లోపలే పడుతుంది. నీళ్ళు పోవడానికి నేలలో చిన్న బెజ్జాలు పెట్టారు."

ఆమె సరేనని తల ఊపి, మంచినీళ్ళ గ్లాసు తీసి గుమ్మటం కంతలో పోసింది. పిల్లలు కింద వేళ్ళు పెట్టి "వాన! వాన!" అని అరిచారు. నా ప్లాస్టర్ మెత్తబడి ఒక పక్క కూలింది.

"మేడమ్! పన్నెండు రోజుల పని అది."

"అయ్యో. రోమ్‌ని కూల్చేశానా?" అంది. ముఖంలో అయ్యో అన్న జాడే లేదు.

అప్పటికే నా పని అయిపోయిందని నాకు అర్థమైంది.

మోడళ్ళు పైనుంచి చూడటానికని నేర్పారు నాకు. లోపల నిలబడితే ఎలా ఉంటుందని అడగటం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. అన్నింటికీ పైకప్పు ఊడి వచ్చేలా మళ్ళీ చేశాను. ఒక్క చర్చి దగ్గర ఇద్దరం ఆగిపోయాం. "అద్దాల్లోంచి పడే రంగుల్ని వీళ్ళ చేతుల్లో ఎలా పెట్టాలి?" అని ఆమె అడిగింది. నాకు తోచలేదు.

ఒక్కటే నన్ను కోసేది. క్లాసులో అంత నవ్వే మనిషి, బయట బస్టాపులో నేను చెయ్యి ఊపితే ఎవరో తెలియనట్టు పోయేది. మూడు బుధవారాలు ఊపాను. మూడుసార్లూ పక్కనుంచే వెళ్ళిపోయింది. తాపీమేస్త్రి కొడుకుతో రోడ్డు మీద మాట్లాడితే తక్కువైపోతుందేమో అనుకున్నాను.

నాలుగో బుధవారం వాన. బస్టాపు రేకు కింద ఆమె నా పక్కనే వచ్చి నిలబడి గొడుగు మూసింది. ఆ నీళ్ళన్నీ ధారగా నా బూటులో పడుతున్నాయి.

"మేడమ్, రోమ్ అయిపోయింది. ఇప్పుడు నన్ను కూడా కరిగిస్తారా?"

ఉలిక్కిపడింది. "మీరెప్పుడొచ్చారు?"

"నెల నుంచీ ఇక్కడే ఉన్నాను. చెయ్యి ఊపి ఊపి భుజం పట్టేసింది."

నవ్వబోయి ఆగింది. రేకు మీద వాన చప్పుడు. "ఎదురుగా వచ్చి నిలబడండి. చెయ్యి చాపండి. మెల్లగా పక్కకు జరపండి" అంది.

జరిపాను. బెత్తెడు కూడా కదల్లేదు.

"ఆపండి. అక్కడ మాయమైపోయింది మీ చెయ్యి."

"ఇక్కడేనా?"

"స్ట్రాలోంచి చూసినట్టుంటుంది. ఏడాదిలో అదీ మూసుకుపోతుందని డాక్టర్ చెప్పాడు. మా అన్నయ్యకు అయిదేళ్ళ కిందటే మూసుకుపోయింది. మా వంశంలో ఉంది."

"బస్సు నంబరు కనిపిస్తుందా మరి?" అని అడిగాను. ఇంతకన్నా తెలివితక్కువ మాట నా జన్మలో అనలేదు.

"నంబరు చక్కగా పడుతుంది. బస్సే పట్టదు" అంది.

ఆ రోజు నుంచి నేను ఎప్పుడూ ఆమెకు ఎదురుగానే నిలబడేవాణ్ణి. నన్ను చూడాలంటే ఆమె నన్ను మాత్రమే చూడాలి. చుట్టూ ఉన్న లోకమేదీ ఆ చూపులో పట్టదు. సంతోషపడాలో ఏడవాలో తెలిసేది కాదు.

పదో మోడల్ అప్పగించిన రోజు ప్రిన్సిపాల్ గారు పిలిచారు. బల్లలు లైబ్రరీలో ఎక్కడ వేయాలో చెప్పమన్నారు. నేను టేపు తీసి కొలిచాను. పని విషయంలో నేను కొంచెం చాదస్తం మనిషిని.

"ఈ మూల వద్దు సార్. మేడమ్ ఇటు నుంచి వస్తారు. ఆవిడకి పక్కలు కనిపించవు కదా, నడుముకు తగులుతుంది."

ప్రిన్సిపాల్ గారి పెన్ను ఆగిపోయింది.

"ఏ మేడమ్‌కి?"

చూపులేని పిల్లల బడిలో, ఒక టీచరు చూపు పోతున్న సంగతి దాచుకోవాల్సి వస్తుందని నా బుర్రకు తట్టలేదు. అందరికీ తెలుసనే అనుకున్నాను. ఆమెది కళ్ళున్నవాళ్ళ కోసం పెట్టిన పోస్టు. పిల్లల్ని రోడ్డు దాటించాలి, డాక్టర్ దగ్గరకు తీసుకెళ్ళాలి. నెలాఖరుకు ఆమెను తీసేశారు. ప్రిన్సిపాల్ చెడ్డవాడు కాదు. ఉత్తరం ఇస్తూ ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడట. ఉత్తరం మాత్రం ఇచ్చాడు.

గేటు దగ్గర ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను.

"చెప్పొద్దని మీరు అనలేదు..." అన్నాను.

"చెప్పమని అన్నానా?" అంది. "మీకు ఎదురుగా నిలబడటం బాగా అలవాటైంది. తప్పుకోండి. బస్సు నంబరు కనిపించట్లేదు."

ఆదివారం ఆమె ఇంటికి వెళ్ళాను. రెండు గదుల ఇల్లు. తలుపు తీసింది వాళ్ళ అన్నయ్య. మాసిన గడ్డం, చేతిలో రేడియో. ఒకప్పుడు బ్యాంకులో పనిచేసేవాడు.

"ఎవరు?"

"అట్టల... మోడళ్ళు చేసేవాణ్ణండీ."

"ఓహో, ఆ మహానుభావుడివి నువ్వేనా? కూర్చో బాబూ. కుర్చీ ఎక్కడుందో నువ్వే చూసుకో, నాకు తెలిసిన చోట మా అమ్మ ఎప్పుడూ ఉంచదు."

లోపల గిన్నెల చప్పుడు ఆగింది. మేడమ్ వింటోందని తెలిసింది. నేను లేచి నిలబడి, బడిలో పద్యం అప్పగించినట్టు చెప్పేశాను.

"తప్పు నాదే. ఉద్యోగం తిరిగి ఇప్పించలేను. మేడమ్ ఒప్పుకుంటే పెళ్ళి చేసుకుంటాను. జీవితాంతం చూసుకుంటాను."

అన్నయ్య రేడియో కట్టేశాడు. "మా ఆవిడా ఆ మాటే అంది బాబూ. రెండేళ్ళు చూసుకుంది. మంచి మనిషి, అబద్ధం చెప్పకూడదు. చూసుకుని చూసుకుని అలిసిపోయి పుట్టింటికి పోయింది."

ఆమె గుమ్మంలోకి వచ్చింది. "మీ చర్చికి బయట ఊతలుంటాయి కదా అట్టల సార్? గోడలు పడిపోకుండా?"

"ఉంటాయి."

"తీసేస్తే?"

"పడిపోతుంది."

"నాకు అలాంటి ఇల్లు వద్దు. వెళ్ళండి."

వెళ్ళిపోయాను. కానీ చర్చి రంగుల గురించి ఆమె వేసిన ప్రశ్న నా దగ్గర ఉండిపోయింది. ఆఫీసు పని అయ్యాక మూడు వారాలు కూర్చుని రెండు గోడలు చేశాను, రెండు చేతులు పట్టేంత పెట్టెల్లా. ఒకటి ఈజిప్టు గోడ, ఎక్కడా కంత లేదు. రెండోది చర్చి గోడ, సన్నటి స్తంభాలు, వాటి మధ్య పొడుగాటి కిటికీలు. రెండూ పట్టుకుని మధ్యాహ్నం ఎండలో వాళ్ళ వాకిట్లో పెట్టాను.

"మళ్ళీ ఎందుకొచ్చారు?"

"పని మీద వచ్చాను. చేతులు లోపల పెట్టండి. కళ్ళు మూసుకుని."

ఈజిప్టు పెట్టెలో ఒక చెయ్యి, చర్చి పెట్టెలో ఒక చెయ్యి పెట్టింది. కొంచెం సేపు కదలకుండా ఉంది. తర్వాత రెండో అరచేతిని మెల్లగా ముందుకూ వెనక్కూ జరిపింది.

"వెచ్చగా... చారలు చారలుగా ఉంది."

"అదే మేడమ్ ఆ చర్చి. రంగు చెప్పలేను. ఎండ ఎక్కడ పడుతుందో చెప్పగలను."

ఆమె చెయ్యి తియ్యలేదు. నేను నేల చూస్తూ, దారంతా బస్సులో కూడబలుక్కున్న మాట అనేశాను.

"ఊతల గురించి అడిగారు కదా. అవి గోడ ఒరిగిపోతుంటే తర్వాత తెచ్చి ఆనించినవి కావు. గోడతో పాటే లేపారు. వాటిని నమ్ముకునే అంత పెద్ద కిటికీలు పెట్టారు."

ఆమె వేళ్ళతో ఆ చారల్ని ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. తర్వాత వేరే సంగతి ఎత్తింది. కొత్త ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిందట, చూపులేనివాళ్ళకు కేటాయించిన పోస్టుకు. డాక్టర్ పరీక్ష చేసి సర్టిఫికెట్ ఇవ్వలేదు.

"ఇంకా కొంచెం కనిపిస్తోందట. పూర్తిగా పోయాక రమ్మన్నాడు. అక్కడ కనిపించక ఉద్యోగం పోయింది, ఇక్కడ కనిపించి పోయింది." నవ్వింది. ఆ నవ్వు నేను భరించలేకపోయాను.

"పుట్టే పిల్లలకు కూడా రావచ్చు" అంది హఠాత్తుగా.

"రావచ్చు."

"జోకు కాదు."

"నేనూ జోకు చెయ్యలేదు. వస్తే, ఒకే కొలతలో అన్నీ చేసిచ్చే నాన్న ఉంటాడు. నాకు వచ్చింది అదొక్కటే."

ఆమె పెట్టెల్లోంచి చేతులు తీసి, చీర చెంగుకు తుడుచుకుంది.

"మీ ఇల్లు చేసి తీసుకురండి."

"మా ఇల్లా?"

"మెట్లు ఎన్ని, వంటగది ఎటు, ఏ మూల గీసుకుంటుంది, అన్నీ. ఇంకా కాస్త కనిపిస్తుండగా చేత్తో నేర్చుకోవాలి. మీ ఇంట్లో ఎవరూ నా చెయ్యి పట్టుకుని తిప్పకూడదు. అబద్ధం మాత్రం చెయ్యొద్దు."

ఆ రాత్రి ఇంట్లో చెప్పాను. అమ్మ పళ్ళెం కింద పెట్టేసింది. "కళ్ళు పోయే పిల్లనా? నీకు అన్నం ఎవరు పెడతార్రా?" 

"ఇప్పుడు నువ్వు పెడుతున్నావు. తర్వాత నేను పెట్టుకుంటాను. ఆమెకూ పెడతాను."

"చదివిస్తే ఇదా..." అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాన్న తలెత్తకుండా తినేసి లేచాడు. పదిరోజులు ఆ ఊసే ఎత్తలేదు.

ఇంటి మోడల్ ఇరవై అయిదో వంతులో చేశాను. వాకిలి మెట్లు మూడు, రెండోది అంచు విరిగింది. విరిగినట్టే చేశాను. వంటింటి గుమ్మం మరీ పొట్టి. ఎవరో పాత ఇల్లు పడగొడితే నాన్న తెచ్చుకున్న ద్వారబంధం అది. మాకు పుట్టినప్పటి నుంచీ వంగి వెళ్ళడం అలవాటు, వంగుతున్నామనే తెలియదు. కొత్తవాళ్ళకు నుదురు బొప్పి కడుతుంది. ఉన్నది ఉన్నట్టు పెట్టాను.

నాన్న దాన్ని చేతుల్లోకి తీసుకుని వంటింటి గుమ్మం దగ్గర వేలు పెట్టాడు. సిమెంటుకు అరిగి అరిగి ఆయన వేలికొసలకు స్పర్శ ఎప్పుడో పోయింది. కళ్ళకు దగ్గరగా తెచ్చుకుని చూశాడు.

"ఇది కూడా పెట్టావా?"

"పెట్టాలి కదా నాన్నా."

"ఊళ్ళో అందరికీ నిలువెత్తు గుమ్మాలు కట్టాను" అన్నాడు. అంతే. మోడల్ బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు.

ఆమె ఆ మోడల్‌ని నెల రోజులు దగ్గర పెట్టుకుంది. ఈలోగా నేను వేరే ఊరి బడికి పది కట్టడాలు అమర్చడానికి పన్నెండు రోజులు వెళ్ళాను. పిరమిడ్ ఎక్కడ పెట్టాలో ఆమెనే ఫోన్లో అడిగి పెట్టాను.

తిరిగి వచ్చింది ఆదివారం పొద్దున. అదే రోజు ఆమె, వాళ్ళ అన్నయ్య మా ఇంటికి వస్తామన్నారు. సంచీ దించి వంటింటి వైపు చూశాను. గుమ్మం పైన గోడ పగలగొట్టి, ద్వారబంధం మార్చి, మూరెడు పైకి లేపి ప్లాస్టరింగు చేసి ఉంది. ఇంకా పచ్చిగానే ఉంది.

"నాన్నా! ఏం చేశావు? మోడల్ అంతా తప్పయిపోయింది!"

"మార్చుకో" అన్నాడు తాపీ కడుక్కుంటూ.

"నెల నుంచీ నేర్చుకుంటోంది..."

అప్పటికే ఆటో ఆగింది. అన్నయ్య ఆటోలోనే ఉండి, "ముందు నువ్వెళ్ళు, నేను దిగడానికి ఓ పూట పడుతుంది" అంటున్నాడు. ఆమె చూపు అప్పటికి సూది బెజ్జమంత మిగిలింది. నేను పరుగెత్తబోతే నాన్న నా భుజం పట్టి ఆపాడు.

ఆమె మెట్టు ఎక్కింది. రెండో మెట్టు దగ్గర పాదం పక్కకు వేసి, విరిగిన అంచు దాటింది. మూడోది. గడప. ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. నాలుగు అడుగులు నేరుగా, ఎడమకు తిరిగి రెండు. అమ్మ పొయ్యి ముందు గరిటె పట్టుకుని బొమ్మలా నిలబడిపోయింది.

వంటింటి గుమ్మం దగ్గర ఆమె తల బాగా కిందికి వంచి, జాగ్రత్తగా దాటింది. అవతల నిటారుగా నిలబడి, ఏదో అనుమానం వచ్చినట్టు వెనక్కు తిరిగింది. చెయ్యి పైకెత్తి వెతికింది. ఏమీ తగల్లేదు. మునివేళ్ళ మీద లేచింది. అప్పుడు తగిలింది. వేళ్ళకు పచ్చి సిమెంటు అంటింది.

"అట్టల సార్! అబద్ధం చెయ్యొద్దన్నానా లేదా?"

నేను నోరు తెరిచేలోపే నాన్న ముందుకొచ్చాడు. ఎదురుగా, ఆమె చూపు పడే చోట నిలబడ్డాడు. ఆ సంగతి ఆయనకు ఎవరు చెప్పారో నాకు తెలియదు.

"వాడు సరిగ్గానే చేశాడమ్మా. ఇల్లే తప్పు. మొదటి నుంచీ తప్పే. ఇంక వంగక్కర్లేదు."

ఆమె వేళ్ళ మీది సిమెంటును బొటనవేలితో రుద్దుకుంటూ నిలబడింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, వాటికి చూపుతో పని లేదు కదా. అమ్మ గరిటె కింద పెట్టి, చెంబుతో నీళ్ళు తెచ్చి ఆమె చేతి మీద పోసింది. చెయ్యి మాత్రం పట్టుకోలేదు.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "రేపు ఆ మెట్టు కూడా సరిచేస్తాను."

"మెట్టు జోలికి వెళ్ళకండి మావయ్యగారూ" అంది ఆమె. "అది నేర్చుకోవడానికి నాకు వారం పట్టింది."